పురి విడే చోటు

బాక్టీరియాను పెంచే అగర్‌ను ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ మూత తీయగానే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గిట్టదు. అడుగంటిన గంజిలా ఉంటుంది. కుప్పంలో నేను పాఠాలు చెప్పే ఈ కాలేజీ ల్యాబులో అడుగు పెడితేనే ఒళ్ళు బరువెక్కుతుంది. ఆ వెంటనే సరోజమ్మ మేడమ్ గుర్తొస్తారు.

తొంభైల్లో మదనపల్లెలో మాకు మైక్రోబయాలజీ చెప్పింది ఆమే. పుంగనూరు నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చేవారు, మొదటి గంటకే అలిసిపోయి ఉండేవారు. బాక్టీరియా తన డీఎన్ఏకు నకలు తీయడం ఎలా మొదలుపెడుతుందో చెప్పాల్సిన రోజు బోర్డు జోలికే పోలేదు. సంతలో కొన్న పలుపు తాడును రెండు బెంచీల మధ్య బిగించి కట్టించారు.

"నువ్వొక్కదానివే మెలిపెట్టి సూడమ్మా. పురి విడతాదా?"

"విడల్యా మేడమ్," అన్నాను.

"యాడ విడతాది? అందరూ రాండి, పక్కపక్కనే పట్టుకోండి."

అందరం కలిసి ఒకే వైపు తిప్పితే పక్కన పేటలు వదులై సందు పడింది. ఆమె అందులో వేలు దూర్చారు. "ఈ తాడు డీఎన్ఏ. మీరంతా దాన్ని పట్టుకునే డీఎన్ఏ-ఏ ప్రోటీన్లు. ఈ వేలు హెలికేస్, పేటల్ని విడదీసుకుంటా పోయేది. మీరు గుంపుగా చేరకపోతే దీనికి దారే ల్యా. నకలు మొదలే కాదు." పరీక్షలో నేను పలుపు తాడు బొమ్మ కూడా వేసి వచ్చానని క్లాసులో అందరూ చాన్నాళ్ళు ఏడిపించారు.

చదువయ్యాక నేనూ ఆమె కిందే ల్యాబులో చేరాను. అప్పటికి అందరి చూపూ పక్కనే అంగళ్లు ఊళ్ళో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ వైపే. సరిపడా పిల్లలు చేరకపోతే మా మైక్రోబయాలజీ సెక్షన్ ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పింది. ఎత్తేస్తే మేడమ్ ఉద్యోగమూ పోతుంది. ఆ వేసవంతా ఇద్దరం చౌడేపల్లె చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాం. ఒకచోట పాలు పిండుతున్న రైతు తలెత్తకుండానే అడిగాడు.

"మా పాప ఇంజనీరింగుకు పోతాండాది మేడమ్. మీ కోర్సు సదివితే ఏమొస్తాది?"

"నేను సెప్పలేనప్పా," అని మేడమ్ చెప్పులేసుకున్నారు. ఆ నిజాయితీకి నాకు ఒళ్ళు మండింది.

చివరికి ముగ్గురే చేరారు. సెక్షన్ లేదన్నారు. వేరే గ్రూపుకు మార్చేదాకా ఆ ముగ్గురినీ మా గదిలోనే కూర్చోబెట్టారు. మేడమ్ చాక్‌పీసు తీసుకుని లేచారు.

"యాల మేడమ్, ఇంకేముండాదని?" అన్నాను.

"పిల్లోళ్ళు వచ్చినారు గదమ్మా."

గుంపు చేరందే ఏదీ మొదలు కాదని మాకు నేర్పిన మనిషి ఆ ముగ్గురికీ పాఠం మొదలుపెట్టారు. సాయంత్రానికి ఆమెకు ఉద్యోగం లేదు.

ఆమె ఓపిక నాకు రాలేదు. విసుక్కుంటూనే పని చేస్తాను. ఇవాళ వానకు క్లాసుకు ఇద్దరే వచ్చారు. పంపించేస్తే ఎవరూ అడగరు, నాకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది. తడిసిన గొడుగులు మూలన పెట్టమని చెప్పి, పాఠం మొదలుపెట్టాను.