యాదగిరి పడవకు కట్టిన బ్యాటరీ

ఇది 2022 ఎండాకాలంలో జరిగింది. అప్పుడే రాసి పెట్టుకుందామంటే నాకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు, మీటరులో వోల్టులు చూసి చెప్పగలను, అంతే. మా బస్తీ కమ్యూనిటీ హాలులో సాయంత్రం చదువు మొదలయ్యాక, యాభై ఏళ్లు దగ్గర పడ్డాక, గుణింతాలూ ఒత్తులూ పట్టుబడ్డాయి. అంతదాకా ఈ సంగతి నోటితోనే చెప్పాను. విన్నవాళ్లు నవ్వాల్సిన చోట నవ్వి, మిగతాది అక్కడే వదిలేసి లేచిపోయేవాళ్లు. ఆ మిగతాదే నాకు ముఖ్యం.

మూసాపేటలో మెట్రో స్టేషన్ వెనక గల్లీలో మా షాపు. లిథియం బ్యాటరీలు కడతాం. వేలెడంత సెల్లులను వరసగా పేర్చి, వాటి తలల మీద సన్నటి నికెల్ పట్టీ పెట్టి స్పాట్ వెల్డింగ్ చేస్తాం. అంటే, క్షణంపాటు కరెంటు చురక పెట్టి అతికించడం. ఆపైన బి.ఎం.ఎస్. అనే చిన్న బోర్డు బిగిస్తాం. ఛార్జింగ్ మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా అది లైను తెంపేస్తుంది. ప్యాక్‌కు కావలి అన్నమాట. ఆటోలకు, సోలార్ దీపాలకు, మాదాపూర్ రోడ్ల మీది టిఫిన్ బండ్లకు మా దగ్గరి నుంచి పోతాయి. ఓనరు ప్రసాద్ గారిది భీమవరం వైపు. వెల్డింగ్ పని నాది.

పడవకు బ్యాటరీ కావాలని వచ్చింది మాత్రం యాదగిరి ఒక్కడే. గచ్చిబౌలి ఊరుగా ఉన్నప్పటి నుంచి వాళ్ల ఇంటివాళ్లు అక్కడి చెరువులో చేపలు పడుతున్నారు. ఇప్పుడు చుట్టూ అద్దాల ఆఫీసులు, నీళ్ల మీద గుర్రపు డెక్క. ఆ డెక్కలోంచి పడవను తెడ్డుతో తోసి తోసి అతని కుడి భుజం పోయింది. ఇక తెడ్డు పట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఎక్కడో చిన్న కరెంటు మోటారు సంపాదించాడు గానీ, దానికి లారీ బ్యాటరీ పెడితే బరువుకు పడవ ఒక పక్కకు ఒరిగిపోయిందట.

“తెడ్డు ఇడిస్తె పడవ ఇడిసినట్టే సార్. ఇగ నన్ను గా ఆఫీసు గేటు కాడ సెక్యూరిటీ డ్రెస్సుల నిలవెడ్తరు” అన్నాడు.

“గా డ్రెస్సు నీకెట్ల పడ్తది? జర పొట్ట జూస్కో” అంది పక్కనున్న అతని భార్య సత్తెమ్మ.

పాడైన స్కూటర్ల బ్యాటరీలు ఒక సంచీ నిండా తెచ్చుకున్నారు. ప్రసాద్ గారు ఒకటి విప్పి చూశారు. “వీటిలో సగం సెల్లులు మంచివే ఉంటాయండి. ఏరుకునే ఓపిక ఉంటే ఇక్కడే కూర్చుని మీరే కట్టుకోండి. మా అంజమ్మ చూపిస్తుంది” అన్నారు, నన్ను చూపించి.

యాదగిరి పాత బ్యాటరీల పైరేకులు విప్పేవాడు. సత్తెమ్మ నా పక్కన కూర్చుని సెల్లులు ఏరేది. మీటరు పట్టుకునే ముందు ప్రతి సెల్లునూ చేపను చూసినట్టు అటూ ఇటూ తిప్పి వాసన చూసేది.

“గిది మురిగింది అక్కా.”

“వాసన గాదు సత్తెమ్మా, మీటర్ జూడు.”

“మీటర్ తర్వాత. ముందుగాల ముక్కు.”

కారిన సెల్లుకు తియ్యటి వాసన ఉంటుంది కాబట్టి ఒక్కోసారి ఆమె మాట నిజమయ్యేది కూడా. సెల్లుల మధ్య పెట్టే దళసరి కాగితాన్ని మేము ఫిష్ పేపర్ అంటాం. ఆ పేరు విని, “ఓ అయ్యా, ఈడ గూడ చేపలేనా!” అని భర్త వీపు మీద చరిచింది. పట్టీలు పెట్టే పని కూడా నేర్చుకుంది. చివరి వరస తనే వెల్డింగ్ చేసింది.

ప్యాక్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చాం. నాలుగు చినుకులు పడినా ఏమీ కాదు, నీళ్లలో మాత్రం ముంచకూడదు. ఆ మాట చెప్పి, ప్రసాద్ గారు అందరికీ చెప్పేది కూడా చెప్పారు.

“ఇది వేడెక్కకూడదండి. ఎండ తగలనివ్వద్దు. ఎంత చల్లగా ఉంచితే అంత మంచిది.”

“గంతే గద సార్! సల్లగుంచుడు మాకు కొత్తనా?” అని యాదగిరి నవ్వాడు. మేమూ నవ్వాం.

ఆదివారం పొద్దున పడవ దించుతాం, రావాలని పిలిచారు. నేనూ ప్రసాద్ గారూ వెళ్లాం. పడవ ముక్కుకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. పడవలో వెనక పక్క వల కప్పిన థర్మాకోల్ పెట్టె కనిపించింది. పట్టిన చేపలు వేయడానికి అనుకున్నాను.

మోటారు తిరిగింది. తెడ్డు లేకుండా పడవ దానంతట అది డెక్కను చీల్చుకుంటూ పోతుంటే గట్టు మీది బెస్త వాళ్లంతా ఈలలు వేశారు. యాదగిరి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు, కుడి చెయ్యి సగం దాకానే లేచింది. సత్తెమ్మ మహారాణిలా ముందు పలక మీద కూర్చుంది.

చెరువు నడుమకు పోయాక మోటారు ఆగింది. యాదగిరి మళ్లీ చెయ్యి ఊపాడు. సంతోషంతో ఊపుతున్నాడనుకుని నేనూ ఊపాను. వల కింది నుంచి తెల్లటి పొగ లేచింది. సత్తెమ్మ వల లాగి పెట్టె మూత తీసింది. తీయగానే ఆమె ముఖం ముందే మంట ఎగిసింది.

 ఉత్త చేతులతో ఆమె ఆ పెట్టెను నీళ్లలోకి తోసింది. అందులోని బ్యాటరీ వైర్లు మోటారుకు బిగించి ఉండడంతో అది మునగకుండా పడవ పక్కనే వేలాడుతూ కాలింది. యాదగిరి ఆ చెడిన చెయ్యితోనే వైర్లు పట్టుకుని పెరికాడు. థర్మాకోల్ కాలి కరిగిపోయి, ప్యాక్ మునిగింది. మునిగినచోట నీళ్లు అన్నం ఉడికినట్టు ఉడికాయి. ఇంకో పడవ వాళ్లు తెడ్లు వేసుకుంటూ వెళ్లి ఇద్దరినీ తీసుకొచ్చారు.

గట్టు మీద, మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక ఆఫీసు అబ్బాయి ఫోను పైకెత్తి పట్టుకుని, “ఏదైనా షూటింగా ఆంటీ?” అని నన్ను అడిగాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.   ఆ ప్యాక్‌లో చివరి వరస తప్ప పట్టీలన్నీ నేను అతికించినవే.

సత్తెమ్మకు మోచేతుల దాకా బొబ్బలు. దవాఖానలో మందు రాసి కట్టు కట్టారు. వరండాలో ప్రసాద్ గారు యాదగిరిని పట్టుకున్నారు.

“అసలు ఏం చేశారండి దాన్ని?”

“ఏం జేసిన సార్? రాత్రి చార్జింగ్ వెట్టి, ఐసుల వెట్టిన. కింద ఐసు, మీద ఐసు. కల్లుప్పు గూడ కొట్టిన, ఇంకింత సల్లగైతదని. చేపలకు గట్లనే జేస్తం.”

“ఐసులోనా! ఐసులో పెట్టమని ఎవరు చెప్పారండి మీకు?”

“మీరే గద సార్. ఎంత సల్లగుంచితె అంత మంచిదంటిరి.”

ప్రసాద్ గారు అక్కడి బల్ల మీద కూలబడ్డారు. రాత్రంతా కరిగిన ఉప్పునీళ్లు డబ్బా అంచుల నుంచి లోపలికి దిగి, ఒక సెల్లు నుంచి ఇంకో సెల్లుకు కరెంటు పారే దారి వేశాయి. బయటికి పోయే కరెంటును కాసే బి.ఎం.ఎస్.కు లోపల జరిగే ఈ పని తెలియదు. యాదగిరి నిర్లక్ష్యం చేయలేదు. మేము చెప్పినదాన్ని తన వృత్తిలో అందరికంటే బాగా చేసే పద్ధతిలో, శ్రద్ధగా చేశాడు.  తప్పుగా విన్నవాడికి మళ్లీ చెప్పొచ్చు. సరిగ్గా విన్నవాడికి ఏం చెప్పాలి?

లోపలి నుంచి సత్తెమ్మ గొంతు వినిపించింది. “అక్కా, నా వరస మంచిగనే అతికింది గద?”

“మంచిగనే అతికింది” అన్నాను. 

యాదగిరి భుజం పట్టుకుని నిలబడ్డాడు. వైర్లు పెరికేటప్పుడు అది ఇంకా చెడింది. “ఇగ గేటు కాడికేనా అక్కా నేను?” అన్నాడు. ఈసారి పొట్ట సంగతి ఎవరూ ఎత్తలేదు.

వాళ్లు చేపలను ఐసులో పెడతారని మాకు తెలుసు. బ్యాటరీ పడవలో పెడతారనీ తెలుసు. అది పడవలో ఎక్కడ, దేని పక్కన కూర్చుంటుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. వోల్టులు అడిగాం, బరువు అడిగాం. ప్యాక్ పెట్టే చోటును కళ్లతో చూడకుండా వెల్డింగ్ మొదలుపెట్టకూడదని ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున షాపుకు పోకుండా గచ్చిబౌలి బస్సెక్కి చెరువు దగ్గరికి వెళ్లాను. యాదగిరి పడవ పక్కన కూర్చుని ఉన్నాడు. నా చేతుల్లో ఏమీ లేకపోవడం చూసి, “ఏందక్కా, ఉత్తగనే వస్తివి?” అన్నాడు.

“బ్యాటరీ తర్వాత. ముందుగాల పడవ జూపియ్యి. నువ్వేడ గూసుంటవు, వల ఏడేస్తవు, నీళ్లేడ వడ్తయి, అన్ని జూపియ్యి” అన్నాను.

చెప్పులు విడిచి ఎక్కాను. అతను గట్టు మీది నుంచి ఒక్కొక్క చోటూ చూపిస్తుంటే, అక్కడల్లా అరచెయ్యి ఆనించి చూశాను. ముక్కు దగ్గర తడి. వల కింద తడి. మోటారు పక్కన తడి. అతను కూర్చునే పలక కిందికి చెయ్యి పోనిచ్చి, పలక అడుగంతా తడిమి, బయటికి తీసి చూసుకున్నాను. పొడిగా ఉంది.