‘ఆపరేషన్ అయింది’ అన్న ఒక్క మాట

ఆ మంగళవారం పొద్దున బేగంబజార్‌లో మా సేటు దుకాణంలో స్టీలు సామాను తూకం వేస్తున్నాను. పెళ్లివారి బేరం. పెద్ద గుండిగ ఎత్తి కాంటా మీద పెట్టబోతుంటే పొత్తికడుపులో కుడివైపు ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టయింది. గుండిగ దించేసి స్టూలు మీద కూలబడ్డాను. కాసేపటికి తగ్గింది. బేరం పోతుందని లేచి మళ్లీ తూకం వేశాను. నా పేరు సుజాత, ముప్పై నాలుగేళ్లు. ఉప్పుగూడలో ఉంటాం, ఇద్దరు ఆడపిల్లలు. నొప్పి అని కూర్చునే అలవాటు నాకు లేదు. అది నా గొప్ప అనుకునేదాన్ని.

సాయంత్రం ఇంటికి పోతూ మా సందు చివరి క్లినిక్‌లో చూపించుకున్నాను. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: “ఆపరేషన్ అయిందా?”

మా దగ్గర ఆడదాన్ని ఈ మాట అడిగితే ‘ఏ ఆపరేషన్’ అని ఎవరూ ఎదురడగరు. పిల్లలు పుట్టకుండా చేయించుకునేదే ఆపరేషన్. మిగతా వాటికి పేర్లుంటాయి, అపెండిక్స్ అని, కంటిది అని. “అయింది సార్, చిన్నది పుట్టినప్పుడే. ఏడేండ్లయింది” అన్నాను. ఆయన తలాడించి, గ్యాస్ అన్నాడు. ఒక ఇంజెక్షన్ పొడిచి, పరగడుపున వేసుకొమ్మని మాత్రలు రాశాడు.

అప్పటికి నెల తప్పి పది రోజులు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మర్నాటి నుంచి కొద్దిగా మరకలు కనపడితే, హమ్మయ్య, ఆలస్యంగానైనా వచ్చింది అనుకున్నాను. గర్భం అన్న ఆలోచన నా బుర్రలోకి రాలేదంటే నమ్మండి. తాళం వేసి, తాళంచెవి బావిలో పారేసిన ఇంటికి కాపలా ఎవరు కాస్తారు?

శుక్రవారం పొద్దున లేచేసరికి కుడి భుజం లాగేస్తోంది. పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. గుండిగలు ఎత్తినందుకే అనుకుని బామ్ రాసుకున్నాను. మా అత్తమ్మ చూసి, “గ్యాస్ ఏడికైనా పోతది పిల్లా, భుజంలకు గూడ పోతది. గింత వాము నములు” అంది. వాము నమిలి పనికి పోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆమె మీద కాదు, నా మీద నాకే కోపం వస్తుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాను, మూత నేలమీద పడింది, తీయడానికి వంగాను. ఆ తర్వాత నాకు తెలిసింది రెహానా నా మొహం మీద నీళ్లు కొడుతోందని. రెహానా నాతోపాటు కౌంటర్లో పనిచేస్తుంది, మనిషి సన్నం, గొంతు పెద్దది. సేటు ఆటో పిలిచి ఇంటికి పంపేయమన్నాడు. “ఘర్ నై సేట్, దవాఖానా! దాని మొకం సూడు, సున్నం లెక్క అయింది” అని రెహానా అరిచింది. మలక్‌పేట వైపు ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోయింది. దారిలోనే మా ఆయనకు ఫోన్ చేసింది.

నర్సు బీపీ ఒకసారి చూసి, మళ్లీ చూసింది. ఎనభై బై యాభై. అంతలో డ్యూటీ డాక్టర్ వచ్చింది. చిన్న వయసు, జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని ఉంది.

“ఆఖరి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?”

“నాకు ఆపరేషన్ అయింది మేడమ్.”

“నేనది అడగలేదు. ఆఖరి నెలసరి ఎప్పుడు?”

చెప్పాను. మరకల సంగతి, భుజం సంగతి కూడా చెప్పాను. భుజం అనగానే ఆమె మొహం మారింది. వెనక్కి తిరిగి “అల్ట్రాసౌండ్ తెండి, ఇక్కడికే” అంది. రెండో అంతస్తులో స్కానింగ్ రూమ్ ఉందట, అక్కడ వరుస ఉంటుంది. బీపీ పడిపోతున్న మనిషిని అక్కడిదాకా తోసుకుపోతే దారిలో ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? చక్రాల బల్ల మీద చిన్న మిషన్ నా మంచం పక్కకే వచ్చింది. చల్లటి జెల్లీ వేసి, కుడివైపు పక్కటెముకల కింద ఆ చేతి పరికరం పెట్టి, తెర నావైపు కొద్దిగా తిప్పింది.

“ఇది లివర్, ఇది కిడ్నీ. ఈ రెంటికీ మధ్య నల్లగా ఉండకూడదమ్మా. ఇదిగో, నల్లటి పట్టీ. ఇదంతా ఫ్రీ ఫ్లూయిడ్. కడుపులో రక్తం కారుతోంది.” తర్వాత పొత్తికడుపు మీద పెట్టింది. “గర్భసంచి ఖాళీగా ఉంది. యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయండి, బ్లడ్ తెప్పించండి, గైనిక్ వాళ్లను పిలవండి.” ఇదంతా నిండా మూడు నిమిషాలు పట్టలేదు. నాలుగు రోజులు గ్యాస్ అన్న నొప్పికి మూడు నిమిషాల్లో అసలు పేరు తెలిసింది.

యూరిన్ టెస్ట్ పాజిటివ్. సరిగ్గా అప్పుడే మా ఆయన యాదగిరి, మా అత్తమ్మ లోపలికి వచ్చారు. డాక్టర్ వాళ్లకు చెప్పింది: “గర్భం ట్యూబులో పెరిగి పగిలింది. రప్చర్డ్ ఎక్టోపిక్. వెంటనే ఓటీకి తీసుకెళ్లాలి.”

అత్తమ్మ నోరు తెరిచింది. “ఆపరేషన్ అయినదానికి కడుపేంది?”

ఆ మాటలో ఏముందో నాకు తెలుసు. మా ఆయనకూ తెలుసు. నర్సు సంతకం కోసం కాగితం చాపితే ఆయన తీసుకోలేదు. నా మొహం చూడలేదు. నేలకేసి చూస్తూ, “ఇంకొక్కసారి చూడుండ్రి మేడమ్, టెస్టు తప్పు చూపిస్తుందేమో” అన్నాడు.

పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి. నాలో రక్తం కారిపోతుంటే వేళ్ల మీద నెలలు లెక్కేస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాకు అంత కోపం రాలేదు. చేతిలో సెలైన్ సూది ఉన్నా లేచి కూర్చోబోయాను.

“టెస్టు తప్పు లేదు, నీ చూపే తప్పుంది. సిస్టర్, గా కాయిదం ఇటియ్యుండ్రి. సంతకం నేను పెడ్త. పానం నాది.”

“ఇంటివాళ్ల సంతకం కావాలమ్మా” అంది నర్సు.

“పేషెంట్ స్పృహలో ఉంది. ఆమె సంతకం చాలు, పదండి” అంది డాక్టర్. నా పేరు వంకరటింకరగా రాశాను. అయినా అది నా పేరే.

కడుపులోంచి లీటరున్నర రక్తం తీశారట. కుడి ట్యూబు తీసేశారు. మూడు బ్యాగుల రక్తం ఎక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని గైనిక్ డాక్టర్ తర్వాత అన్నారు. అంతటితో అయిపోలేదు. ఐదో రోజు జ్వరం వచ్చింది, కుట్ల దగ్గర చీము పట్టింది. రోజూ డ్రెస్సింగ్, పళ్లు బిగపట్టి ఓర్చుకున్నాను. దానికంటే ఓర్చుకోలేనిది చూడ్డానికి వచ్చినవాళ్ల గుసగుస. ఒకామె నా మంచం కాళ్ల దగ్గరే నిలబడి మా అత్తమ్మ చెవిలో ఏదో అంటుంటే, “ఇనవడ్తాంది అక్కా, గట్టిగనే మాట్లాడు” అన్నాను. ఆమె తెచ్చిన దానిమ్మపండ్లు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. పండ్లు బాగున్నాయి.

మర్నాడు రౌండ్స్‌కి గైనిక్ డాక్టర్ వచ్చినప్పుడు ఆమెను ఆపాను. మా ఆయన, అత్తమ్మ ఇద్దరూ పక్కనే ఉన్నారు. “నా తప్పు లేదని నాకు తెలుసు మేడమ్. వీళ్లకు చెప్పుండ్రి, నా ముంగటనే చెప్పుండ్రి” అన్నాను.

ఆమె నిదానంగా చెప్పారు. “ట్యూబులు కట్టినా, కొందరికి ఏళ్ల తర్వాత అందులో సన్నటి దారి పడుతుంది. అప్పుడొచ్చిన గర్భం ఒక్కోసారి సంచిలోకి చేరలేక ట్యూబులోనే ఇరుక్కుంటుంది. అరుదే, కానీ మేం చూస్తూనే ఉంటాం. ఇందులో ఈమె తప్పు ఏమీ లేదు.”

అత్తమ్మ డాక్టర్ వైపు తిరిగింది. “అంటే గది మా పిలగానిదే అన్నట్టా?” అంది, వార్డంతా వినేట్టు.

“కాదు అత్తమ్మా, నీ గ్యాస్‌ది” అన్నాను. నవ్వితే కుట్లు లాగాయి, అయినా నవ్వాను.

డాక్టర్, అత్తమ్మ వెళ్లాక మా ఆయన మంచం పట్టీ మీద కూర్చుని ఏడ్చాడు. “తప్పైంది సుజాతా” అన్నాడు. పర్వాలేదు అని నేననలేదు. పర్వా ఉంది కాబట్టి అనలేదు. ఆ మాట నా నోట రావడానికి చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఎనిమిది నెలలైంది. ఐరన్ మాత్రలతో రక్తం పట్టింది, మళ్లీ దుకాణానికి పోతున్నాను. లేచి తిరగగలిగాక ముందుగా సందు చివరి క్లినిక్‌కు పోయి డిశ్చార్జ్ కాగితం బల్ల మీద పెట్టాను. ఆ డాక్టరు చివరిదాకా చదివి, “నేను అడగాల్సింది” అన్నాడు. అంతమాత్రం అన్నందుకు ఆయన మీద కోపం సగం తగ్గింది.

రెండోవైపు ట్యూబు ఇంకా ఉంది కాబట్టి జాగ్రత్త అవసరమని గైనిక్ డాక్టర్ చెప్పారు. ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను: “నా వంతు అయింది, గిప్పుడు నీ వంతు.” అత్తమ్మ ఇల్లు పీకి పందిరి వేసింది, మగపిల్లవాడి బలం పోతుందని, బరువులు ఎత్తలేడని. ఆయన ఒక శనివారం పోయి మగవాళ్ల ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చాడు. బానే ఉన్నాడు, గ్యాస్ సిలిండర్ కూడా ఎత్తుతున్నాడు.

ఇది చదివే ఆడవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. ట్యూబులు కట్టించుకుని ఎన్నేళ్లయినా సరే, నెల తప్పి కడుపునొప్పి వస్తే, పడుకుంటే భుజం లాగితే, కళ్లు తిరిగితే, ‘ఆపరేషన్ అయింది’ అని అక్కడితో ఆపకండి. ఆఖరి నెలసరి తేదీ చెప్పండి. యూరిన్ టెస్ట్ చేయమని, స్కాన్ పెట్టి చూడమని మీ నోటితో మీరే అడగండి. పక్కన అత్తగారున్నా అడగండి, మొగుడున్నా అడగండి. వాళ్లేమనుకుంటారో తర్వాత చూసుకోవచ్చు. దానికి ముందు మనం బతికుండాలి.