ఎలుగుబంటి గారి ఫిర్యాదుల పుస్తకం

ఉర్స్ త్సుంబ్రున్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. గుమ్మంలో కాలు పెట్టగానే ఫిర్యాదుల పుస్తకం అడుగుతాడు. కాఫీ కంటే ముందు, కుర్చీ కంటే ముందు, కొన్నిసార్లు నమస్కారం కంటే కూడా ముందు.

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో హోటలు, బట్టల కొట్టు, మంగలి షాపు, చివరికి శవపేటికలు అమ్మేవాడు కూడా ఈ పుస్తకం పెట్టుకుని తీరాలి. అట్ట ఎర్రగా ఉంటుంది. పేజీకి మూడు ప్రతులు: ఒకటి సర్కారుకి, ఒకటి రాసినవాడికి, ఒకటి షాపువాడి గుండెల మీదకి. "ఇక్కడ ఫిర్యాదుల పుస్తకం కలదు" అని గోడకి బోర్డు తగిలించాలని చట్టం. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆ పుస్తకం జోలికి పోరు. కోపం వస్తే పోర్టో మనిషి తిడతాడు. అవతలివాడి అమ్మమ్మ దాకా వెళ్ళి తిరిగొస్తాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కాఫీ తాగుతారు. కాగితం మీద రాసి పైకి పంపడమనే నీచానికి ఎవరూ దిగరు.

ఉర్స్ గారు దిగుతాడు. ఆయనది స్విట్జర్లాండు. బెర్న్ నగరంలో ముప్పై ఎనిమిదేళ్ళు రైళ్ళ టైంటేబుళ్ళు తయారుచేసి రిటైరయ్యాడు. పెళ్ళి కాలేదు. ఎవరూ సమయానికి రాలేదేమో. ఏటా ఫిబ్రవరిలో రెండు వారాలు ఒంటరిగా పోర్టో వస్తాడు. ఆ నెలలో అక్కడ పది రోజులు వాన, మిగతా రోజులు వానకి సన్నాహం. ఆ నెలే ఎందుకయ్యా అంటే అప్పుడు టూరిస్టులు ఉండరంటాడు. తను టూరిస్టు కాదని ఆయన గట్టి నమ్మకం. మనిషి తనను తాను వెతుక్కోవడానికి ఒంటరిగా ప్రయాణం చెయ్యాలని పత్రికల్లో తెగ రాస్తుంటారు. ఉర్స్ గారు తనను తాను ఏనాడో కనుక్కుని, తేదీ వేసి, ఫైల్లో పెట్టేశాడు. ఇప్పుడాయన వెతికేది పుస్తకాన్నే.

వాళ్ళ భాషలో ఎలుగుబంటిని 'ఉర్సు' అంటారు కాబట్టి 'ఉర్స్' అనే శబ్దం పోర్టో చెవికి 'ఎలుగుబంటి' అని వినపడుతుంది. దాంతో మొదటి ఏడే ఆయన ఎలుగుబంటి గారైపోయాడు. దాని మీదా ఫిర్యాదు చేయబోయి, తమ ఊరి జెండా మీద ఉన్నది ఎలుగుబంటేనని గుర్తొచ్చి కలం మూశాడు. ఆయన కలం మూసిన సందర్భం అదొక్కటే.

ఆయన దిగేది అదొజిందమ్మ గారి ఏడు గదుల లాడ్జిలో. అదొజిందమ్మకి అరవై ఆరేళ్ళు, ఏడు గదులు, ఒక మోకాలు. రెండో మోకాలు ఉందిగాని లెక్కలోకి రాదు. భర్త పోయాక ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఒంటిచేత్తో లాడ్జి నడుపుతోంది. చదివింది నాలుగో తరగతి. తాగి వచ్చిన నావికుల్ని చీపురుకట్టతో మెట్లు దింపిన మనిషికి కలం చూస్తే మాత్రం చెమటలు.

మొదటి ఏడు ఉర్స్ గారు పెట్టె దించకుండానే అన్నాడు: "అమ్మగారూ, పుస్తకం."

"ఏమైందయ్యా? బొద్దింక కనపడిందా?"

"లేదు. మెట్లు పంతొమ్మిదని ఉత్తరంలో రాశారు. ఇరవై ఉన్నాయి."

"ఒకటి ఎక్కువే ఇచ్చాం కదా!"

"అదే ఫిర్యాదు."

ఫిర్యాదు పడ్డాక సర్కారుకి సంజాయిషీ రాయాలి. అదొజిందమ్మ ఆ పేజీని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, కింది అంతస్తులో కాఫీ హోటలు నడిపే ఎర్మీనియు దగ్గరికి దిగింది. అతనిది గుండ్రటి చేతిరాత.

"ఏమని రాయమంటావు అదొజిందమ్మా?"

"ఒక మెట్టు తీసేస్తామని రాయి. ఏ మెట్టో ఆయన్నే ఎంచుకోమను."

అక్కడితో మొదలు. ఎలుగుబంటి గారి దినచర్యంతా ఆ ఊరి ఎర్ర పుస్తకాల్లో భద్రంగా ఉంది. పొద్దున ట్రాము నాలుగు నిమిషాలు ఆలస్యం. పక్కపక్కనే ఉన్న రెండు చర్చిల గంటలకి రెండు నిమిషాల తేడా. దేవుడు ఏ గంట వింటున్నాడో స్పష్టం చేయాలి. మంగలి ఇరవై నిమిషాలు ఫుట్‌బాల్ గురించి మాట్లాడి, ఒక్కసారైనా తన అభిప్రాయం అడగలేదు. ఒకనాడు కొండ మీద కాఫీ బంకు దగ్గర నిలబడ్డాడు. నది మీద మంచు, వంతెన ఆనవాలు లేదు. పుస్తకం అడిగాడు.

"మంచు నేను కురిపించానా?" అంది బంకు ఆవిడ.

"మీ బంకు మీద వంతెన బొమ్మ ఉంది. అంటే చూపిస్తామన్నట్టే."

"బొమ్మ చూసుకుని పోవయ్యా మరి!"

అది కూడా రాశాడు.

ఇక భోజనాలు. ఆ ఊళ్ళో అర ప్లేటు అంటే ఒక కుటుంబానికి కాస్త తక్కువ. ఎలుగుబంటి గారు అర ప్లేటు పేగుల కూర చెప్తే ఇద్దరు మోసుకొచ్చారు. "తినవయ్యా, ఎముకలు లెక్కపెట్టొచ్చు నిన్ను చూస్తే," అంది వడ్డించే ఆవిడ. ఆయన పుస్తకం తెప్పించి రాశాడు: "సగం అనే మాటకి ఈ నగరంలో గౌరవం లేదు." హోటలువాడు సర్కారుకి వినయంగా జవాబిచ్చాడు: "తప్పు జరిగింది. ఇకపై ఆయనకి పావు ప్లేటే ఇస్తాం. అది సగం అవుతుంది."

ఒక్క ఫిర్యాదు మాత్రం ఊరినే మార్చింది. యూరప్‌లో ఒంటరిగా హోటలుకి వెళ్ళినవాడిని "ఒక్కరేనా?" అని అడుగుతారు. ఎవరో పోయారని విన్న గొంతుతో అడుగుతారు. అడిగి, టాయిలెట్ పక్కనో స్తంభం వెనకో కూర్చోబెడతారు. కిటికీలన్నీ జంటలకి. ఆ జంటలేమో కిటికీలోంచి చూడరు, ఒకరినొకరు చూసుకోరు, ఫోన్లు చూసుకుంటారు. ఎలుగుబంటి గారు రాశాడు: "నేను ఒక్కడినే. కాని రెండు కళ్ళతో వచ్చాను. రెంటికీ స్తంభాన్నే చూపించారు." నది ఒడ్డున వరసగా తొమ్మిది హోటళ్ళలో ఇదే వాక్యం. మూడేళ్ళు తిరిగేసరికి ఆయన ఆకుపచ్చ వానకోటు మలుపు తిరగ్గానే కిటికీ బల్ల తుడవడం మొదలైంది. ఆ తర్వాత ఒంటరిగా వచ్చిన ప్రతి పరదేశికీ కిటికీయే, ఎలుగుబంటి చుట్టమేమోనన్న భయంతో.

"ఎందుకయ్యా నీకీ రాత పిచ్చి?" అని ఎర్మీనియు ఒకసారి అడిగాడు.

"మా కొండల్లో ప్రతి గుడిసెలో ఒక పుస్తకం ఉంటుంది. ఒంటరిగా ఎక్కినవాడు పేరు, తేదీ రాయాలి. రాయనివాడు రాలేదనే లెక్క."

"నువ్వు కొండెక్కి వచ్చావా, కాఫీ తాగడానికి వచ్చావా?"

"కాఫీ చల్లారింది. పుస్తకం."

ఇలా పదేళ్ళు గడిచాయి. పదకొండో ఏడు నవంబరులో అదొజిందమ్మ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బ్రాగా ఊళ్ళో ఉన్న మేనకోడలు వచ్చి తీసుకెళ్ళింది. రెండు నెలల్లో వస్తానని వెళ్ళిన మనిషి పద్నాలుగు నెలలు మంచంలో ఉండిపోయింది. లాడ్జికి తాళం, తాళంచెవి ఎర్మీనియు దగ్గర.

ఆమె తిరిగొచ్చేసరికి గుమ్మానికి నోటీసు అంటించి ఉంది. ఇంటి యజమాని బార్బేదు గారు ఆ మేడని టూరిస్టుల ఫ్లాట్లుగా మార్చదలిచాడు. గోడలకి తెల్లరంగు, ప్రతి గదిలో ఒకే రకం మొక్క, "అసలైన పోర్టో అనుభవం" అని బోర్డు. అసలైన పోర్టో మనిషి ఒకావిడ అడ్డంగా ఉంది, అంతే. అద్దె ఒప్పందం ప్రకారం లాడ్జి ఏడాది పాటు అతిథులు లేకుండా మూతపడితే హక్కు పోతుంది. విచారణకి అధికారిణి గురువారం ఉదయం వస్తుందని నోటీసు. అతిథుల రిజిస్టరు తెరిస్తే ఏడాది పైన రెండు నెలలు తెల్లకాగితం.

మళ్ళీ ఫిబ్రవరి. ఎలుగుబంటి గారు యథాప్రకారం రెండో నంబరు గదిలో దిగి, ఆమె గోడు అంతా విని, "దుప్పటి నాలుగు అంగుళాలు పొట్టి," అన్నాడు.

"నా కొంప మునుగుతుంటే నీకు దుప్పటి కావాలా!" అని అదొజిందమ్మ తలుపు దభాలున వేసింది.

గురువారం అధికారిణి వచ్చింది. చేతిలో లావుపాటి ఫైలు, ముఖంలో ఏ భావమూ లేదు. బార్బేదు గారు మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు, అప్పుడే తనది అయిపోయినట్టు. ఎర్మీనియు సాక్షిగా అదొజిందమ్మ పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అధికారిణి తెల్ల రిజిస్టరు తిరగేసి పక్కన పెట్టింది. "ఫిర్యాదుల పుస్తకం ఉందా?"

అదొజిందమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. పదేళ్ళ మెట్లు, దుప్పట్లు, కాఫీలు. హక్కు మిగిలినా పరువు మిగలదనుకుంది.

"సరే, తెచ్చే పని లేదు, ప్రతులు నా దగ్గరున్నాయి," అంటూ అధికారిణి ఫైలు విప్పింది. "గత ఫిబ్రవరిలో ఈ లాడ్జి మీద పద్నాలుగు ఫిర్యాదులు వచ్చాయి. అతిథే స్వయంగా రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. మీరు ఒక్కదానికీ జవాబివ్వలేదు."

"గత ఫిబ్రవరిలోనా? నేనసలు ఊళ్ళో..."

ఎర్మీనియు ఆమె కాలు తొక్కాడు. లెక్కలోకి వచ్చే మోకాలి వైపు కాలే తొక్కాడు. ఆమె నోరు మూసుకుంది.

అధికారిణి చదవసాగింది. "మూడో గది అతిథి స్నానం చేస్తూ పాడతాడు. గొంతు బాగోదు. అయిదో గది దంపతులు ఇటాలియన్‌లో పోట్లాడుకున్నారు. తర్వాత రాజీపడ్డారు. ఆ చప్పుడు ఇంకా ఎక్కువ. ఆరో గదివాళ్ళ పిల్లల వల్ల మెట్ల మీద రద్దీ..."

"అబద్ధం!" బార్బేదు లేచాడు. "ఆ ఇంట్లో పురుగు కూడా లేదు. నేను రోజూ వచ్చి వీధిలోంచి చూసుకున్నాను!"

"ఏం చూశారు?"

బార్బేదు తడబడ్డాడు. "కిటికీలు..."

"మూసి ఉన్నాయా?"

"తెరిచే ఉన్నాయి. బట్టలు ఆరేసి ఉన్నాయి."

"ఎన్ని కిటికీల్లో?"

"...ఏడింట్లోనూ. కానీ అన్నీ సాక్సులేనండీ!"

"సాక్సులు మనుషులే వేసుకుంటారు కదండీ," అని అధికారిణి పేజీ తిప్పింది. "అమ్మా, ఇది ఆఖరిది. 'గదులన్నీ నిండినందువల్ల ఉదయం ఫలహారంలో రొట్టె చాలలేదు. ఇద్దరు అతిథులు ఆకలితో లేచారు.' ఇది నిజమేనా?"

అదొజిందమ్మ ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. ముప్పై ఒక్క ఏళ్ళు! భర్త పోయిన రోజున కూడా ఆ బల్ల మీద రొట్టె మిగిలింది. రొట్టెలవాళ్ళు సమ్మె చేసిన వారంలో ఒంటి మోకాలితో పిండి పిసికింది. కావాలంటే బొద్దింకలున్నాయను, ఒప్పుకుంటుంది. దయ్యాలున్నాయను, సంతకం పెడుతుంది. రొట్టె చాలలేదా? ఈ ఇంట్లోనా?

బార్బేదు నవ్వుతూ చూస్తున్నాడు. కాదంటే ఇల్లు పోతుంది. అవునంటే...

"నిజమే," అంది అదొజిందమ్మ, పళ్ళ మధ్య నుంచి. "చాల్లేదు."

ఎర్మీనియు గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

"అయితే లాడ్జి నడిచింది," అధికారిణి ఫైలు మూసింది. "ఖాళీ ఇంట్లో రొట్టె అయిపోదు కదండీ, బార్బేదు గారూ. అమ్మా, మీరు మాత్రం ఇకనుంచి ఎక్కువ తెప్పించండి."

అధికారిణి మెట్లు దిగేదాకా ఆగి, అదొజిందమ్మ కాఫీ హోటల్లోకి తుఫానులా దిగింది. ఎలుగుబంటి గారు కిటికీ పక్కన కూర్చుని ట్రాముల టైంటేబులు సరిదిద్దుతున్నాడు.

"ఓయ్ ఎలుగుబంటీ! తాళం వేసిన ఇంట్లో రెండు వారాలు ఉన్నావా?"

"తాళంచెవి ఎర్మీనియు ఇచ్చాడు. ఇంటాయన రోజూ వచ్చి మూసిన కిటికీలు లెక్కపెట్టుకుంటున్నాడని కూడా చెప్పాడు."

"అందుకని ఏడు కిటికీలకీ సాక్సులా?"

"ఏడు జతలే తెచ్చాను. ఎనిమిదో గది ఉంటే ఇబ్బందయ్యేది."

"పుట్టాక ఎప్పుడైనా అబద్ధం రాశావా నువ్వు?"

"లేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదే మొదలు. ఆ పద్నాలుగు పేజీల అక్షరాలు చూడండి, అన్నీ వంకర."

"మిగతావన్నీ సరే. పాటలు రాశావు, పోట్లాటలు రాశావు, బాగుంది. రొట్టె మీద ఎందుకు రాశావయ్యా? నీళ్ళ మీద రాయకూడదా? దిండు మీద ఏడవకూడదా?"

"అవన్నీ పదేళ్ళుగా నిజంగానే రాశాను, అమ్మగారూ. ఆ పద్నాలుగో రోజున మీ ఇంట్లో నేను రాయనిది ఒక్కటే మిగిలింది."

అదొజిందమ్మ ఎర్మీనియు వైపు ఒకసారి చూసి పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఎలుగుబంటి గారి పళ్ళెంలో రొట్టెలు ఆరు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నెత్తిన నిలబడింది. నాలుగో రొట్టె దగ్గర ఆయన బెల్టు వదులు చేశాడు. అయిదో దాని దగ్గర దయ కోసం చూశాడు. దొరకలేదు. ఆరోది మింగి, నీళ్ళు తాగి, బొంగురు గొంతుతో అన్నాడు: "పుస్తకం."

తెచ్చి ఇచ్చింది. ఆయన రాశాడు: "ఈ లాడ్జి యజమానురాలు పళ్ళెం ఖాళీ అయ్యేదాకా అతిథిని కుర్చీలోంచి లేవనివ్వలేదు."

అదొజిందమ్మ వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తర్వాత ఆయన చేతిలోని కలం లాక్కుని, సర్కారుకి వెళ్ళే ప్రతి మీద, జవాబు గడిలో, గుమ్మడికాయంత అక్షరాలతో తనే రాసింది:

"నిజమే. రేపు ఏడు."