షంషాద్ మేడమ్ రాసిన పరీక్ష

మా ప్రయోగశాలలో సోడియం దీపం వేసినప్పుడు పసుపు వెలుగు వెంటనే రాదు. ముందు గులాబీ కలిసిన ఎరుపు వస్తుంది. గొట్టం వేడెక్కే కొద్దీ ఆ ఎరుపు పోయి గదంతా పసుపు పరుచుకుంటుంది. నా విద్యార్థులు ఆ కాసేపూ ఫోన్లు చూసుకుంటారు. నేను దీపాన్నే చూస్తూ నిలబడతాను. ఆ ఎరుపు కనబడగానే నాకు ఆత్మకూరులో నేను చదివిన డిగ్రీ కాలేజీ, మాకు ఫిజిక్స్ చెప్పిన షంషాద్ మేడమ్ గుర్తొస్తారు.

మాది ఉదయగిరి. నాయన లారీ డ్రైవరు. ఇంటర్ అయ్యాక నాతో చదివిన వాళ్ళు కొందరు హైదరాబాదులో, చెన్నైలో పేరున్న కాలేజీలకు వెళ్ళారు. నాకూ హైదరాబాదులో సీటు వచ్చింది. కానీ ఆ ఏడాదే అవ్వకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. నాయన ఎప్పుడూ రోడ్డు మీదే, అమ్మ ఒక్కతే చేసుకోలేని పరిస్థితి. "రోజూ ఇంటికొచ్చే చదువైతే చదువుకోమ్మా" అన్నాడు నాయన. అలా ఆత్మకూరులో చేరాను. నెల్లూరులో ఉండే మేనమామ ఆ సంగతి విని, "ఆత్మకూరు డిగ్రీ చూసి ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటు ఎవరిస్తారే నీకు? బీఈడీ చేసుకో, టీచరువి అవుతావు" అన్నాడు. నాకది నిజమే అనిపించింది. మొదట్లో బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

మేడమ్‌ది కూడా ఉదయగిరే. రోజూ మా బస్సులోనే వచ్చేవారు. నలభై దాటిన మనిషి, సన్నగా, గట్టి గొంతుతో ఉండేవారు. ఒకరోజు నా పక్కన సీటు ఖాళీగా ఉంటే వచ్చి కూర్చున్నారు.

"నిన్న లాబ్‌లో సోడియం దీపం మొదట్లో ఎర్రగా ఎందుకుంటాదని అడిగినాను. నీకు జవాబు తెలుసు, ముఖంలో కనబడింది. నోరు తెరవలేదు. ఏంది సంగతి అనూషా?"

"లోపలున్న నియాన్ ముందు వెలుగుతుంది మేడమ్" అని మెల్లగా చెప్పి, వెనకే మేనమామ మాట కూడా చెప్పేశాను. ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు.

"మీ మామ చెప్పిందాంట్లో నిజం ఉండాది. పెద్ద కాలేజీలో పరిశోధన చేసే మాస్టర్లు ఉంటారు. మంచి లాబ్ ఉంటాది. సెలవుల్లో ప్రాజెక్టులకు పంపిస్తారు. మనకు అవేవీ లేవు. అట్లని దారే లేదనుకోబాక. మనకు దూరం ఎక్కువ, అంతే. ఎంత దూరమో ముందు చూసుకోవాల."

చూసుకోవడమంటే ఏమిటో మూడో ఏడాదిలో తెలిసింది. పెద్ద సంస్థల్లో ఎమ్మెస్సీ సీట్లకు దేశమంతటికీ కలిపి పెట్టే ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేయమన్నారు. మా సిలబస్‌లో లేనివి అందులో చాలా ఉన్నాయి. "ఇది బయట నిలబడి చూస్తే తెలిసేది కాదు, నేను కూడా రాస్తా" అన్నారు. తమాషాకు అన్నారనుకున్నాను. పరీక్ష రోజు నెల్లూరులో, నా వెనకే లైన్లో నిలబడ్డారు. గేటు దగ్గర కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టి, "తల్లిదండ్రులు బయటే ఉండాలమ్మా" అన్నాడు.

"రాయడానికే వచ్చినాను నాయనా" అని మేడమ్ హాల్ టికెట్ చూపించారు. అతను ఆ ఫొటో వైపు, ఆవిడ వైపు మార్చి మార్చి చూసి పక్కకు జరిగాడు. లోపల ఆవిడ నాకు ముందు వరసలో కూర్చున్నారు. తల వంచి రాస్తున్న ఆ వీపును చూస్తూ నేను కాసేపు ప్రశ్నలు చదవడమే మరిచిపోయాను.

నాకు సీటు రాలేదు. ఆవిడ ర్యాంకు నా ర్యాంకు కంటే ఏమంత మెరుగ్గా లేదు. దాన్ని ఆవిడ దాచుకోలేదు. ఫలితాలొచ్చిన మరుసటి రోజే క్లాసులో, "ఎమ్మెస్సీ నేను దూరవిద్యలో, బట్టీ పట్టి పాసైనాను. అందుకే నాకు సగం రాలేదు. ఇప్పుడు నేర్చుకుంటా" అని చెప్పి పాఠం మొదలుపెట్టారు. పాఠాలు చెబుతూ వెంట్రుకలు నెరిసిన మనిషి పిల్లల ముందు ఆ మాట అంత మామూలుగా అనడం నేను అంతకుముందు చూడలేదు. ఇప్పటికీ ఎక్కడా చూడలేదు.

డిగ్రీ అయిపోయాక ఇంకో ఏడాది ఆగమన్నారు. ఆదివారాలు కొండ కింద ఉన్న వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వాళ్ళాయన వసారాలో కొయ్య గరిటెలు చెక్కుతుండేవారు. లోపల గదిలో గోడకు నల్లబల్ల ఉండేది. సుద్దముక్క నాకిచ్చి, మేడమ్ చాప మీద కూర్చునేవారు. "ఈ మెట్టు నాకు అర్థం కాలేదు, నువ్వు చెప్పు" అనేవారు. నాకూ తెలియకపోతే ఇద్దరం దాంతో కుస్తీ పట్టేవాళ్ళం. ఎటూ తేలకపోతే ఏదో విశ్వవిద్యాలయంలో, తానెన్నడూ చూడని ప్రొఫెసరుకు ఫోన్ చేసి, "ఆత్మకూరులో లెక్చరర్నండీ, నాకిది తెలీదు" అని అడిగేవారు. కొందరు విసుక్కుని ఫోన్ పెట్టేశారు. ఒకాయన మాత్రం ఓపికగా చెప్పాడు.

హైడ్రోజన్ పరమాణువు లెక్క మొదటి నుంచి చివరిదాకా మేమే చేసి ముగించిన మధ్యాహ్నం ఆవిడ లేచి వచ్చి నల్లబల్లను పై నుంచి కింది దాకా ఇంకోసారి చదివారు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళూ ఈ జవాబు పుస్తకంలో చూసి చెప్పినాను అనూషా. అది ఎక్కడి నుంచి వస్తాదో ఇవాళ చూసినాను."

ఆ గదిలో నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. లెక్క గొప్పదా, ఆ మనిషి గొప్పదా అని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

రెండోసారి రాసినప్పుడు నాకు సీటు వచ్చింది. అప్పటికి అవ్వ కర్ర పట్టుకుని లేచి తిరుగుతోంది, నాయన వెళ్ళి చదువుకోమన్నాడు. అక్కడితో అంతా సుఖంగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. పెద్ద కాలేజీల నుంచి వచ్చిన వాళ్ళు మొదటి వారం నుంచే లాబ్‌లో చకచకా పనిచేసుకునేవారు. నేను అక్కడి పరికరాల్లో చాలావాటిని మొదటిసారి చూస్తున్నాను. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు తప్పాను. మేడమ్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. "ఏ పాఠం కాడ ఆగిపోయినావు?" అని అడిగారు, అంతే. ఏడుపు ఆపి పాఠం పేరు చెప్పాల్సి వచ్చింది. మర్నాడు క్లాసులో చెయ్యెత్తి, ఇది నాకు తెలియదు సార్, మళ్ళీ చెప్పండి అన్నాను. నా పక్కన పేరున్న కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి, తనకూ తెలియదని బయటికొచ్చాక చెప్పాడు.

ఇప్పుడు నేను ఒక విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నాను. పరిశోధనలో చేరడానికి వచ్చే వాళ్ళను ఎంపిక చేసే ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. ఎవరూ వినని కాలేజీ పేరు వచ్చినప్పుడు బల్ల చుట్టూ ఉన్న వాళ్ళు కాగితం తిప్పేస్తారు. వాళ్ళను తప్పుపట్టను, ఆ పేరు వాళ్ళకు ఏమీ చెప్పదు. నాకు మాత్రం ఆ ఊళ్ళో పాఠం చెప్పే మనిషి ఎవరా అనిపిస్తుంది. ఈ ఏడాది అలాంటి చోటు నుంచి ఒకమ్మాయి వచ్చింది. భయంతో మాట పెగలడం లేదు. నేను ప్రశ్నలు పక్కనపెట్టి, "నీకు ఫిజిక్స్ ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి వాళ్ళ మాస్టారి పేరు చెప్పింది. చెబుతూ చెబుతూ కుర్చీలో నిటారుగా కూర్చుంది.