వెనక లైన్ల ఓట్లు

2023 ఎండాకాలం. సికింద్రాబాద్‌లో సహకార శాఖకు చెందిన ఒక ఆఫీసులో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా పని చేస్తున్నాను. మా సెక్షన్‌లో కూలర్ ఒక్కటే. దాని గాలి మా సారు గది దాటి వచ్చేది కాదు. హౌసింగ్ సొసైటీల ఫైళ్లు చూడటం నా పని, అప్పటికి ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఫైలు చేతిలోకి తీసుకోగానే లోపల ఏముందో చెప్పగలనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వాన్ని తగ్గించిన ఫైలు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను.

ముందు మా పని గురించి రెండు మాటలు. బైలా అంటే సొసైటీ తనకోసం తాను రాసుకున్న నియమావళి. దాన్ని మార్చాలంటే సభ్యులందరినీ పిలిచి జనరల్ బాడీ మీటింగ్ పెట్టాలి. మీటింగ్‌కి కోరం ఉండాలి, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క. వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఇంత జరిగినా మా ఆఫీసులో రిజిస్టర్ అయ్యేదాకా ఆ మార్పు చెల్లదు. ఫైలు చదివి, రిజిస్టర్ చేయవచ్చో లేదో నోట్ రాసేది నేను. నోట్ కింద మా సారు సంతకం పెడతారు. ప్రతి నోట్ చదివి పెడతారని మాత్రం నేను ప్రమాణం చేయలేను.

ఎన్నికలకు రెండు నెలల ముందు బైలా సవరణ వచ్చిందంటే ఒకటికి రెండుసార్లు చూడాలి. నా సర్వీసు మొదట్లో ఒక పాల సొసైటీవాళ్లు వరసగా తొంభై రోజులు పాలు పోసినవాళ్లకే ఓటు అని తీర్మానం చేసి తెచ్చారు. వినడానికి న్యాయంగానే ఉంది. తీరా చూస్తే ఆ తొంభై రోజులూ అవతలి వర్గంవాళ్ల గేదెలు వట్టిపోయిన రోజులు. అప్పట్లో నేను కొత్త కాబట్టి ఊరిదాకా వెళ్లి గేదెల గురించి విచారించాను. తరవాత తరవాత ఆ ఓపిక తగ్గింది.

మెట్టుగూడ దగ్గర రైల్వే ఉద్యోగులు కలిసి కట్టుకున్న ఒక కాలనీ ఉంది. నూటపన్నెండు ఇళ్లు, ఇంటికి ఒక ఓటు. దాని సెక్రటరీ యాదగిరిగారు రైల్వే అకౌంట్స్ ఆఫీసులో పని చేసి రిటైరైన మనిషి. ఆయన తెచ్చే ఫైలంటే నాకు ముచ్చట. పేజీ నంబర్లు, రంగు రంగుల చీటీలు, ఎక్కడా కొట్టివేత ఉండదు. ఆ రోజు కూడా అలాంటి ఫైలే తెచ్చి నా ఎదుట కూర్చున్నారు.

"మేడమ్, ఎలక్షన్ దగ్గరికొచ్చింది. జెర జల్దీ చేస్తే మంచిగుంటది" అన్నారు.

"ఏం మారుస్తున్నారు సార్?"

"పెద్దగేం లేదు మేడమ్. బయటోళ్లొచ్చి ఇండ్లు కొంటున్రు. వాళ్లు సుత ఓట్లేస్తే సొసైటీ ఏం గావాలె? మొదట ఇల్లు ఎవరి పేరు మీద అలాటైందో వాళ్లకే ఓటు. మిగిలినోళ్లు అసోసియేట్ మెంబర్లు. గంతే."

అసోసియేట్ మెంబర్ అంటే సొసైటీలో ఉంటారు, మీటింగ్‌లో కూర్చుంటారు, ఓటు మాత్రం ఉండదు. కాగితాలు చూశాను. మీటింగ్ ఆదివారం ఉదయం పదిన్నరకు మొదలైంది, పన్నెండుకు ముగిసింది. కోరానికి ముప్పై ఎనిమిది మంది కావాలి, అటెండెన్స్ రిజిస్టర్‌లో నలభై మూడు సంతకాలున్నాయి. తీర్మానం ఏకగ్రీవం. ఇంకేం కావాలి? రిజిస్టర్ చేయవచ్చని నోట్ రాసేశాను. రేపు సారు టేబుల్ మీద పెడదామని ఫైలు సొరుగులో ఉంచి, సీతాఫల్‌మండిలో మా ఇంటికి వెళ్లి హాయిగా భోంచేశాను.

మర్నాడు పదకొండు గంటలకు డెబ్బై ఏళ్లు దాటిన ఒకావిడ మెట్లెక్కి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో షేర్ సర్టిఫికెట్. కూర్చోమంటే కూర్చుంది. మంచినీళ్లు తాగి అడిగింది.

"ఓటు నేనోలు మీటింగుకి ఎల్లొచ్చేటమ్మా?"

"వెళ్లొచ్చు పెద్దమ్మా. మాట్లాడొచ్చు కూడా. ఓటే ఉండదు."

"ఓటు నేకపోతే నా మాట ఎవుడింటాడు?" అంది కోపమేమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగినట్టు.

ఆమె పేరు పైడితల్లమ్మ. విజయనగరం వైపు మనిషి. భర్త గూడ్సు బండి గార్డుగా పని చేసి, రిటైరై, ఎనిమిదేళ్ల కిందట పోయాడు. ఇల్లూ సభ్యత్వమూ ఆమె పేరు మీదికి మారాయి. "ఆయన ఉన్నన్నాలు ఓటు ఆయనే ఏసీవోరు. నానొక్కపాలే ఏసినాను. ఇప్పుడు నాకు నేదంటన్నారు. నా పేరు కాయితం మీద ఉంది గదా తల్లీ, మరి నానెవర్ని?"

ఆమె ఏ సొసైటీ మనిషో అప్పుడు అర్థమైంది. సొరుగులోంచి ఫైలు తీశాను. నిజం చెప్పాలంటే నాకు కొంచెం విసుగే వచ్చింది. "మీటింగ్‌కి వెళ్లి, ఒప్పుకుని, సంతకం కూడా పెట్టి వచ్చారు కదమ్మా. ఇప్పుడు వచ్చి అడిగితే నేనేం చేయను?" అని రిజిస్టర్ తిప్పి చూపించాను.

"మీటింగెప్పుడయిందో నాకు తెల్దు" అంది. కళ్లజోడు పెట్టుకుని చూసింది. "సంతకం నాదే. సొసైటీ బంట్రోతు మల్లేశు పుస్తకం ఇంటికి తెచ్చినాడు. పెట్టమన్నాడు, పెట్టినాను."

సంతకం పక్కన చిన్నగా 18.15 అని ఉంది. ముందు రోజు నేనూ ఆ అంకెలు చూశాను. ఇంటి నంబరో, ఫోలియో నంబరో అనుకుని వదిలేశాను.

"ఈ అంకెలేంటి పెద్దమ్మా?"

"టైమమ్మా. మా ఆయన టైమ్ ఏయకుండా ఏ కాయితం మీదా సంతకం పెట్టీవోరు కాదు. బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడాగింది, అన్నీ రాసుకునే ఉజ్జోగం గదా. నాకూ అదే అలవాటు చేసీసినారు. గేసు బండ పుస్తకంలో కూడా టైమ్ ఏస్తాను."

పేజీ అంతా మళ్లీ చూశాను. 18.05, 18.09, 18.15, 18.20, 18.31. ఒకటి కాదు, పద్నాలుగు సంతకాల పక్కన టైములున్నాయి, అన్నీ సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్యవే. పన్నెండుకు ముగిసిన మీటింగ్‌కి ఈ పద్నాలుగు మంది సాయంత్రం ఆరు దాటాక హాజరయ్యారన్నమాట. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్న కళ్లు ఏం చూశాయో నాకే అర్థం కాలేదు. పైడితల్లమ్మ చెప్పినదంతా కాగితం మీద రాయించి తీసుకుని, ఆమెను ఆటో ఎక్కించి వచ్చాను.

మర్నాడు కాలనీకి వెళ్లాను. ముందు లైన్లలో ఆఫీసు సిబ్బంది ఇళ్లు, వెనక లైన్లలో బళ్ల మీద పని చేసిన గార్డులు, డ్రైవర్ల ఇళ్లు. టైము వేసిన పద్నాలుగూ వెనక లైన్లవే. యాదగిరిగారు జీవితమంతా అకౌంట్స్‌లో కూర్చున్న మనిషి కాబట్టి ఆ అంకెలు ఆయనకూ ఏమీ చెప్పి ఉండవు. సభ్యుల జాబితా ముందు పెట్టుకుని లెక్క వేశాను. కొత్త బైలా వస్తే ముప్పై ఒక్క ఇళ్లకు ఓటు పోతుంది. వాటిలో బయటివాళ్లు కొన్నవి నాలుగే. మిగతా ఇరవై ఏడూ భర్తలు పోయిన ఆడవాళ్లవీ, తండ్రులు పోయిన పిల్లలవీ. దాదాపు అన్నీ వెనక లైన్లే. కిందటి ఎన్నికల్లో యాదగిరిగారి ప్యానెల్ గెలిచింది తొమ్మిది ఓట్లతో. వెనక లైన్లకు నీళ్లు సరిగ్గా రావని అక్కడివాళ్లు అవతలి ప్యానెల్‌కి వేశారని ఆయన నమ్మకం.

సొసైటీ అటెండర్ మల్లేశ్ యాభై ఏళ్ల మనిషి. ఏదీ దాచలేదు. "నేనే తిరిగిన మేడమ్. పొద్దుగాల మీటింగ్‌కి గంతమంది రాలే. సాయంత్రం బుక్కు పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన. ఎప్పుడు గట్లనే చేస్తం గదా."

యాదగిరిగారు సొసైటీ గదిలో నాకు టీ తెప్పించారు. పెద్దగా తడబడలేదు.

"ఇరవై ఏండ్ల సంది గిట్లనే నడుస్తుంది మేడమ్. బుక్కు ఇంటికి పోతది, సంతకం వస్తది. మీకు తెల్వదా? మీరు సుత ఇన్నేండ్లు పాస్ చేసిండ్రు."

ఆ మాట సూటిగా తగిలింది. నాకు తెలుసు. ఏ సొసైటీలో చూసినా అదే తంతు. కోరం లేదంటే మళ్లీ మీటింగ్, మళ్లీ నోటీసు, అందరికీ తక్లీఫ్ అని నేనూ చూసీ చూడనట్టు వదిలేసేదాన్ని.

"చేశాను సార్. తప్పే. కానీ అవి గోడ కట్టడానికో, బోరు వేయడానికో పెట్టుకున్న మీటింగులు. ఇది ఓటు తీసేసే మీటింగ్. ఎవరి ఓటు తీసేస్తున్నారో వాళ్ల చేతే, ఏమీ చెప్పకుండా సంతకం పెట్టించుకున్నారు. ఆ పద్నాలుగూ తీసేస్తే మీకు మిగిలేది ఇరవై తొమ్మిది. కోరం లేదు."

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపారు. "సొసైటీ మంచి కోసమే చేసిన మేడమ్" అన్నారు. నమ్మే అన్నారనుకుంటాను. ఆయన చెడ్డ మనిషి కాదు, ఓడిపోతానేమోనని భయపడ్డ మనిషి.

ఆ సాయంత్రం ఒక స్థానిక నాయకుడు ఫోన్ చేశాడు. "చిన్న కాలనీ పంచాయితీ మేడమ్, మీకెందుకీ పరేషాన్?" అన్నాడు. ఫైలు సారు దగ్గరికి వెళ్లిపోయిందని చెప్పాను. అప్పటికింకా వెళ్లలేదు. పాత నోట్ చింపేసి, రిజిస్టర్ చేయకూడదని కొత్త నోట్ రాయడానికి నాకు గంట పట్టింది. ఈసారి మాత్రం మా సారు నోట్ మొత్తం చదివారు. రిజిస్టర్ తెప్పించుకుని టైములు ఒక్కొక్కటే పైకి చదివి, నవ్వి, సంతకం పెట్టారు.

ఎన్నికలు పాత బైలా ప్రకారమే జరిగాయి. నన్నే ఎన్నికల అధికారిగా వేశారు. ముప్పై ఒక్క ఇళ్లకూ ఓటు ఉంది. పైడితల్లమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని తొమ్మిదింటికే వచ్చి వరసలో మూడో మనిషిగా నిలబడింది. ఆమె బ్యాలెట్ మడిచి పెట్టెలో వేస్తుంటే నాకు చాలా సంతోషమేసింది. ఉద్యోగంలో అలాంటి సంతోషం ఎన్నిసార్లు కలిగిందో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

సాయంత్రానికి లెక్క తేలింది. యాదగిరిగారే మళ్లీ గెలిచారు, ఆరు ఓట్లతో.

అందరూ వెళ్లిపోయాక కాగితాలకు సీలు వేస్తుంటే పైడితల్లమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"నెగ్గీసినాడు గదా యాదగిరి బాబు. నానూ, మా లైన్లో ఆడోలమందరం ఆయనకే ఏసినాం."

ఎవరికి వేశారో చెప్పకూడదని వారించబోయాను. అప్పటికే చెప్పేసింది. ఆగలేక అడిగాను. "ఆయన మీ ఓటే తీసేయబోయారు కదా పెద్దమ్మా?"

"ఆ సంగతీ అడుగుతాను. ముందు నీల్ల సంగతి తేలాల. మాకు అరగంటే ఒదులుతన్నారు. ఓటేసి నెగ్గించినోన్నయితే గట్టిగా అడగొచ్చు. ఏయనోన్నేటి అడుగుతాం?" అని లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మెల్లగా వెనక లైన్ల వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తరవాత నా పని పద్ధతి మారింది. ఓటు హక్కు మార్చే సవరణ ఏదైనా వస్తే సంతకాల లెక్క చూసి ఊరుకోను, సంతకం పెట్టిన నలుగురితో మాట్లాడి వస్తాను. పని పెరిగింది, మా సారు గొణుగుతారు, అయినా నిద్ర బాగా పడుతోంది. రూలు మార్చాలని వచ్చేవాళ్లందరికీ ఎవరి ఓటు ఎటు పడుతుందో ముందే తెలుసునన్న ధీమా ఉంటుంది. ఆ ధీమాతోనే మనుషుల పేర్లు కొట్టేస్తారు.

గెలిచిన వారానికి యాదగిరిగారు కొత్త కమిటీ కాగితాలు పట్టుకుని వచ్చారు. ఎప్పటిలాగే నీటైన ఫైలు. సంతకాలయ్యాక లేస్తూ అన్నారు. "ఏమనుకోకుండ్రి మేడమ్. మీరు ఆ బైలా ఆపకపోతే నేను ఇంకా మంచి మెజారిటీతో గెలుస్తుంటి."

ఓటు రహస్యం కాపాడతానని సంతకం పెట్టిన మనిషిని కాబట్టి నోరు మూసుకుని ఆయనకు టీ చెప్పాను.