బొమ్మ చెరిగిన డబ్బా

మొన్న మా కోడలు వంటింట్లోకి కొత్త డబ్బాలు తెప్పించింది. తెప్పించింది అని ఒక్క ముక్కలో అనేశాను గానీ, దాని వెనక ఎన్నో భోజనాల దగ్గర చర్చ నడిచింది. గాజువి కొనాలా, స్టీలువా, ప్లాస్టిక్‌వా, మూత నొక్కేదా తిప్పేదా, ఫ్రిజ్‌లో ఇమిడేవా కాదా అని మా అబ్బాయీ కోడలూ ఫోన్లలో బొమ్మలు చూసుకుంటూ ఒకరికొకరు చూపించుకుంటూ పెళ్లి సంబంధం వెతికినంత హడావుడి చేశారు. నా అభిప్రాయం కూడా అడిగారు, మర్యాదకి. గాలి చొరకుండా ఉంటే చాలమ్మా అన్నాను.

చివరికి గాజువే వచ్చాయి. కలకత్తా సాల్ట్ లేక్‌లో ఈ ఫ్లాటుకి వచ్చాక వంటిల్లు ఇంత కళగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మా మనవరాలు వాటిని సింకులో వేడినీళ్లలో నానబెట్టి, పైన అంటించిన కాగితాలు గోటితో గీకుతోంది. ఆ చప్పుడు విని నేను హాల్లోంచి వెళ్లేసరికి కాగితం సగం ఊడి నీళ్లలో తేలుతోంది. నేనేమన్నానో నాకు తెలియదు గానీ గట్టిగా అరిచానట. పిల్ల చేతిలోంచి మూత జారి పడింది. ఏమైందని కోడలు పరుగెత్తుకొచ్చింది. ఏమీ లేదని చెప్పి నా గదిలోకొచ్చి కూర్చున్నాను.

డెబ్బై దగ్గర పడుతున్న మనిషి గాజు డబ్బా కాగితం ఊడితే అరవడమేమిటని ఈ కాలం పిల్లలు నవ్వుతారు. మన ఈడువాళ్లు నవ్వరు. ఖాళీ డబ్బా ఇంటికి వస్తే అదొక సంపద అనుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి కాబట్టి మీకు చెబుతున్నాను.

మా అయ్య (నాన్నని మాలో అప్పట్లో అయ్య అనే పిలిచేవాళ్లం) శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఓడలకి సరుకు ఎక్కించి దించే పనిలో చేరాడు. గార్డెన్ రీచ్‌లో నదికి దగ్గరగా ఒక సందులో ఒకే గది మాది. సందులో సగం ఇళ్లు మనవాళ్లవే. వానాకాలం వస్తే గడప దాటి నీళ్లు లోపలికొచ్చేవి, వాటికంటే ముందు ఎలుకలు వచ్చేవి. ఆ ఎలుకలు ఓడలు ఆగే డాకుల్లో గోధుమలు తిని బలిసినవి, మనిషిని చూసి తొలగేవి కావు. బియ్యం కుండల్లో ఉండేవి, కుండమీద మూకుడు, మూకుడుమీద రాయి. పొద్దున లేచేసరికి రాయి కింద ఉండేది.

బియ్యం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. అమ్మ దిగులంతా చోడిపిండి, అంటే రాగిపిండి గురించి. మా మామ్మ ఊరినుంచి ఎవరు రైలెక్కినా వాళ్లచేత చోళ్లు పంపేది. అవి మరపట్టించి దాచుకున్న పిండిలోంచే పొద్దున్నే మా తమ్ముడికి అంబలి కాచేది అమ్మ. వాడు అప్పుడే అడుగులు వేస్తున్నాడు, పాలు పడేవి కావు, అంబలి తప్ప ఏది పెట్టినా ఉమ్మేసేవాడు. ఆ పిండి మీద మేం చెయ్యి వేయకూడదు. పురుగు పడితే ఆవిడ జల్లించి ఎండబెట్టేది, కలకత్తాలో వానాకాలంలో ఎండ దొరికిన రోజున.

మా సందు చివర సంతలో ఖాళీ డబ్బాలు అమ్మే ఒక బెంగాలీ అన్న, దాదా అనేవాళ్లం, కూర్చునేవాడు. ఓడల్లోంచి దిగినవీ, గోదాముల వెనక పారేసినవీ పోగుచేసి తెచ్చేవాడు. అమ్మ ఎన్ని వారాలు వాటిని చూసి వచ్చేసిందో గానీ, ఒక రోజు నన్ను వెంటబెట్టుకు వెళ్లి మరీ ఎంచింది. ఒక్కో మూత నొక్కి, తీసి, తిరగేసి, వేలితో కొట్టి చూసింది. తుప్పు పట్టింది వద్దంది, అంచు వంగింది వద్దంది. ఎంచి ఎంచి తీసుకున్నది వెడల్పు మూతి ఉన్న పొడుగాటి డబ్బా. మూత ఎంత బిగువంటే గరిటె కాడతో ఎత్తితే తప్ప రాదు. దారి పొడుగునా దాన్ని చంకలో బిడ్డలా పట్టుకు నడిచింది.

పరాయి గిన్నె ఏదైనా ఇంటికొస్తే పాత చేతుల జాడ లేకుండా తోమాకే అందులో గింజ వేయాలన్నది మావాళ్ల పద్ధతి. ఏ ఓడవాడు ముట్టుకున్నాడో, అందులో ఏ మాంసం దాచాడో. అందుకని అమ్మ ఆ డబ్బాని కుళాయి దగ్గర పెట్టుకుని ఇటుకపొడితో, కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టింది. నేను చెంబుతో నీళ్లు పోశాను. పైనున్న రంగంతా పోయి లోపలి తెల్లరేకు బయటపడేదాకా రుద్దింది. తర్వాత ఎండబెట్టి, సాంబ్రాణి పొగ పట్టించి, పసుపు రాసి మూడు కుంకుమబొట్లు పెట్టింది. చోడిపిండి అందులో పోసి మూత నొక్కి అరమీద పెట్టి దూరంగా నిలబడి చూసుకుంది. అమ్మ అంత నిశ్చింతగా నవ్వడం ఆ వానాకాలంలో నేను అదొక్కసారే చూశాను.

కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున తమ్ముడు తాగిన అంబలంతా కక్కేశాడు. మళ్లీ కక్కాడు. వానల్లో పిల్లలకి మామూలేలే అని అమ్మ వాము నీళ్లు పట్టింది. కాసేపటికి వాడు ఏడవడం మానేశాడు, దానికి నాకు భయం వేసింది. మెడ నిలబడటం లేదు. పిలిస్తే రెప్పలు సగం తెరిచి మళ్లీ మూసేస్తున్నాడు.

అదే సమయానికి మా చిన్నాన్న, అయ్య తమ్ముడు, పని దిగి పిల్లాణ్ణి చూసిపోదామని వచ్చాడు. ఆయనది ఓడల అడుగున సరుకు గదుల్లో పని. గడపమీద కూర్చుని ఏదో చెబుతున్నవాడు అర వైపు చూసి ఆగిపోయాడు. లేచి వెళ్లి డబ్బా దించాడు, అటూ ఇటూ తిప్పాడు, అడుగు చూశాడు.

"వదినా, ఈ డబ్బా మీద బొమ్మేటుండీది?"

ఎందుకని అమ్మ అడిగింది. ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది గానీ మాటకి మాట రాయలేను. ఇలాంటి డబ్బాలు ఓడల్లో రెండు రకాలు వస్తాయట. ఒకే కొలత, ఒకే మూత. ఎర్ర పువ్వు బొమ్మ ఉన్నదాంట్లో పాలపొడి. ఎర్ర పుర్రె బొమ్మ ఉన్నదాంట్లో గింజలకి పురుగు పట్టకుండా ఓడ అడుగున చల్లే మందు. ఖాళీ అయ్యాక రెండూ ఒకే కుప్పలో పడేస్తారు.

అమ్మ డబ్బా వైపు చూసింది. తళతళలాడే తెల్లరేకు, దానిమీద మూడు బొట్లు.

"ఎర్రగా ఏటో ఉండీది," అంది. "నాను సూళ్లేదు. తోమీసినాను."

నీళ్లు పోసింది నేనే కాబట్టి ఇద్దరూ నావైపు తిరిగారు. నాకు పదేళ్లు ఉంటాయేమో. ఎంత తల్చుకున్నా నా కళ్లకి కాలువలోకి జారుతున్న ఎర్రనీళ్లే కనబడ్డాయి. అవి బొమ్మ ఎరుపో, ఇటుకపొడి ఎరుపో. చిన్నాన్న మూత తీసి మూతి దగ్గర ముక్కు పెట్టాడు. సాంబ్రాణి వాసన తప్ప ఏమీ రాలేదు. అమ్మ నిలుచున్నచోట నిలుచునే ఉంది. చిన్నాన్నే పిల్లాణ్ణి భుజాన వేసుకుని, డబ్బా నాచేతికిచ్చి, పదండి పదండి అని వానలోకి తోశాడు.

డిస్పెన్సరీలో డాక్టరుబాబు బెంగాలీ ఆయన, మంచివాడు. తమ్ముడి కళ్లు విప్పి చూశాడు, పొట్ట నొక్కాడు, గొట్టం వేసి కడిగారు. ఆ గొట్టం వేసేటప్పుడు వాడు ఏడవలేదు, మూలిగాడంతే. డాక్టరుబాబు మళ్లీ మళ్లీ ఒకే మాట అడిగాడు, ఈ డబ్బాలో ముందు ఏముండేదని. పురుగుమందయితే ఒక వైద్యం, మామూలు కడుపు జబ్బయితే ఇంకో వైద్యం. చిన్నాన్న తనకొచ్చిన బెంగాలీలో తెలీదు, తెలీదు అంటున్నాడు. కబురందుకుని అయ్య డాకునుంచి గోనెదుమ్ముతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆయన అమ్మని ఒక్క మాట అనలేదు, ఏం చేయాలో తెలియక తలపాగా తీసి చేతిలో నలుపుతూ గోడవార నిలబడ్డాడు.

అప్పుడు అమ్మ నా ఒళ్లోంచి డబ్బా తీసుకుంది. అక్కడే మూత ఎత్తి, పిడికెడు పచ్చిపిండి తీసి నోట్లో వేసుకుంది. అది గొంతు దిగకముందే ఇంకో పిడికెడు. అయ్య చెయ్యి పట్టుకునేలోపు ముఖమంతా పిండి, దగ్గు, కళ్లనీళ్లు. డాక్టరుబాబు వైపు తిరిగి మన భాషలోనే చెప్పింది.

"నాకేటౌద్దో సూడండి బాబూ. నాకేటయితే ఆడికీ అదే."

చిన్నాన్న దాన్ని బెంగాలీలో చెప్పబోయాడు. చెప్పక్కర్లేకుండానే డాక్టరుబాబుకి అర్థమైంది. ఆయన అమ్మని కోప్పడ్డాడు, తర్వాత బల్లమీద కూర్చోబెట్టి నాడి పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం నా బతుకులో అన్నిటికంటే పొడుగైంది. లోపల తమ్ముడు, వరండాలో అమ్మ. అయ్య వాడి దగ్గర, నేను ఆవిడ దగ్గర. ఏం జరిగితే ఎవరికి చెప్పాలో కూడా ఎవరూ నాకు చెప్పలేదు, అమ్మని కనిపెట్టుకుని ఉండమన్నారంతే. నేను ఆవిడ ముఖంమీంచి కళ్లు తిప్పలేదు. గుటక వేస్తే ఇంకా దగ్గరికి జరిగేదాన్ని. స్తంభానికి ఆనుకుంటే పడిపోతోందనుకునేదాన్ని. ఆవలిస్తే తమ్ముడిలాగే రెప్పలు వాలిపోతాయేమోనని చెయ్యి గిల్లేదాన్ని. ఆవిడకి ఏదైనా అయితే తమ్ముడికి ఏ వైద్యం చేయాలో తెలుస్తుంది. ఏమీ కాకపోతే అమ్మ మిగులుతుంది. ఏది కావాలని దేవుణ్ణి అడగాలో తెలియక ఏదీ అడగలేదు. అంతటి భయం తర్వాత నాకు పురుళ్లలో కలగలేదు, మా ఆయన పోయిన రోజునా కలగలేదు.

అమ్మకి ఏమీ కాలేదు. దీపాలు పెట్టే వేళకి లోపలినుంచి సన్నగా "బువ్వ" అని వినబడింది. అయ్య బయటికి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ అప్పటిదాకా ఒక్కసారీ ఏడవలేదు, ఆ ఒక్క మాటకి నేలమీద కూలబడి ఏడ్చింది.

అది డబ్బా వల్లో కాదో డాక్టరుబాబు కూడా తేల్చి చెప్పలేదు. పెద్ద ఒంటికి తెలియనిది చిన్న ఒంటికి తెలియవచ్చు, వానల జబ్బూ కావచ్చు, ఆ డబ్బా మాత్రం పారేయమన్నాడు. కాకి తింటుందేమో, కుక్క తింటుందేమోనని ఆ పిండిని సందులో పోయడానికి అమ్మ ఒప్పుకోలేదు. పిండితో సహా మూత బిగించి అయ్య గంగలో వదిలాడు. మామ్మ ఏడాదిపాటు కూడబెట్టి పంపిన చోళ్లవి. అమ్మ చేతులు జోడించి ఆ నీళ్లకి ఏదో చెప్పుకుంది.

మళ్లీ కుండలు వచ్చాయి, మూకుళ్లు వచ్చాయి, ఎలుకలూ వచ్చాయి. కానీ ఆనాటినుంచి ఏది వండినా మొదటి ముద్ద అమ్మ తిని, కాసేపు కూర్చుని, తర్వాతే మాకు పెట్టేది. సందులో ఆడవాళ్లు పిల్లలకంటే ముందు తానే తింటుందని చాటుగా నవ్వుకునేవారు. ఆవిడ విని ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

నా కాపురానికి డబ్బాలు కొనడానికి అమ్మే వచ్చింది. భవానీపూర్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్లో వరసగా మూతలు తీసి, ఒక్కో డబ్బాలో ముఖం దూర్చి వాసన చూసింది. కొత్తవి మాషీమా (పిన్నిగారూ), ఇందులో ఇంకా ఏమీ పోయలేదు అని కొట్టతను నవ్వాడు. అమ్మ వినిపించుకోలేదు, ఆఖరి గిన్నెదాకా చూసింది. పేర్లు చెక్కించమంటారా అంటే, మనుషుల పేర్లు వద్దు, అందులో ఏం పోస్తామో అది చెక్కమంది. బియ్యం, కంది, పెసర, చోడి. అతనికి తెలుగు రాదు, నేను కాగితంమీద రాసిస్తే చూసి వంకరటింకరగా చెక్కాడు. అవి ఇప్పటికీ మా అటకమీద ఉన్నాయి, మా మనవరాలికి ఆ అక్షరాలు చదవడం రాదు.

తమ్ముడికి ఇవేవీ గుర్తులేవు. వాడిప్పుడు మనవలకి తాతయ్యాడు, ఏ డబ్బా కనబడినా వాసన చూసే నా ముక్కు గురించి అందరికీ చెప్పి ఏడిపిస్తాడు.

అమ్మ చివరి రోజుల్లో మనుషుల్ని పోల్చుకోలేకపోయేది. అయ్య పోయాడన్నది మరిచింది, ఒక్కోసారి నన్ను మామ్మ అనుకునేది. ఒక పొద్దున అన్నం కలిపి నోటికి అందిస్తుంటే నా మణికట్టు పట్టుకుని ఆపింది. చూపు ఎక్కడో ఉంది.

"అది పువ్వే కదే?"

ఏ పువ్వమ్మా అని అడగాల్సిన పని నాకు లేదు.

"పువ్వేనమ్మా. ఎర్ర పువ్వు. నేను చూశాను."

ఆవిడ నా మణికట్టు వదిలింది. తర్వాత నోరు తెరిచింది. నేను ముందు తిని చూడకుండానే పెట్టాను, ఆవిడా అడగకుండానే తింది.

నిన్న కోడలు ఆ గాజు డబ్బాలన్నీ తుడిచి సర్దింది. ఒక్కదాని మీద మాత్రం సగం చిరిగిన కాగితం అలాగే ఉంచారు, నాకోసం. మా మనవరాలు దాన్ని ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఎక్కడ చేశారో, ఏం పోయవచ్చో, ఏం పోయకూడదో అన్నీ ఉన్నాయట అందులో. ఇప్పుడు ప్రతి డబ్బా తన సంగతి తానే చెబుతోంది, ఎవరూ ముందు తిని చూడనక్కర్లేదు. నేను పోయాక ఈ ఇంట్లో డబ్బాని చూసి భయపడే మనిషి ఉండదు, అలాగే ఉండాలని నా కోరిక కూడా. వాళ్లు అటు వెళ్లాక మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. అందులో చోడిపిండి పోసి, చిటికెడు నా నాలుకమీద వేసుకుని, కాసేపు అక్కడే నిలబడ్డాను.