పూడ్చకముందే చెప్పాల్సిన మాట

గొర్రెల బీమా వెబ్‌సైటు జనానికి అర్థం కాకపోవడానికి వాళ్లకు చదువు లేకపోవడమే కారణమని మా ఆఫీసులో అందరూ అంటారు. ఒట్టి మాట. డిగ్రీ చదివి, ఆ సైటును బాగుచేసే పనికి కుదిరిన నాకే అది అర్థం కాలేదు.

మర్రిపాడు వైపు గొర్రెలు మేపుకునే ఒకామె ఆత్మకూరులో మా ఆఫీసుకు, నా దగ్గరికొచ్చింది. గొర్రె చస్తే మందకు రోగం అంటకుండా వాళ్లు వెంటనే పూడ్చేస్తారు. పశువుల డాక్టరు చూసేదాకా పూడ్చకూడదన్న నిబంధనేమో పాత సైటులో ఎక్కడో అడుగున ఉండింది. ఆమె కూడా అట్లే పూడ్చేసింది, పరిహారం రాలేదు.

"ముందే చెప్పుంటే పూడుస్తానా అక్కా?" అనింది.

కొత్త సైటులో నాయకుల ఫొటోలు కిందికి దించినాను. పైన పెద్దక్షరాలతో "గొర్రె చచ్చిందా? పూడ్చొద్దు, ముందు ఇక్కడ నొక్కండి" అని పెట్టినాను.

"ఫొటోలు కిందేందమ్మా? పైవాళ్లు చూస్తే?" అన్నాడు ఆఫీసరు.

"పైవాళ్ల గొర్రెలేమన్నా చచ్చినాయా సార్?" అన్నాను.

మార్చమన్నాడు, నేను మార్చలేదు. ఇప్పటికీ అట్లే ఉండాది. ఆమె పూడ్చేసిన గొర్రెలకు మాత్రం పరిహారం ఇవ్వరంట. నిబంధన కనపడకుండా పెట్టింది మేమైతే, నష్టం ఆమెకెందుకు?